పొట్టేలు ఒళ్లు విదిలించే దాకా

ఇది రెండు జిల్లాలూ మూడు కొండలూ దాటిన మహాయాత్ర. దారిలో ముగ్గురు అక్కచెల్లెళ్లయిన అమ్మవార్లు, మరిగే ఇంజను, ప్రాణం మీదికొచ్చిన గడువు, అన్నీ ఉన్నాయి. కాళ్లు కడుక్కుని చదవండి.

అని మొదలుపెడదామనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక పొట్టేలుకు స్నానం చేయించడానికి పొద్దున పోయి సాయంత్రానికి వద్దామనుకున్న ఐదుగురం నాలుగు రోజులు ఇంటికి రాలేకపోయాం. అంతే.

మాది కోసిగి. శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి చిన్నాన్న జీపులో బయల్దేరాం. ముందు సీట్లో చిన్నాన్న, నాన్న. మధ్యలో అమ్మ, నాన్నకు అక్క అయిన మా అత్త. వెనక నేను, పొట్టేలు. ఏటా మిరపకాయ కోతలప్పుడు మా వీధి జనాన్ని గుంటూరు వైపు చేర్చే జీపు అది. సీట్లలో కారం ఎంత ఇంకిందంటే, కొత్తవాళ్లెవరైనా ఎక్కితే ఆదోని దాకా కన్నీళ్లు పెట్టుకుంటారు. చూసేవాళ్లు ఎవరో పోయారనుకుంటారు. కోతల సామానంతా దాంట్లోనే పడి ఉంటుంది: టార్పాలిన్ పట్టా, వెదురు బొంగులు, మసి గిన్నెలు, బియ్యం మూట. పట్నంలో ఇట్లా పట్టా కింద పడుకోవడాన్ని క్యాంపింగ్ అంటారనీ, దుడ్లు కట్టి మరీ పోతారనీ నా స్నేహితుడు చెప్పాడు. మా ఊళ్లో దాన్ని గుంటూరు పోవడం అంటారు.

ప్రయాణానికి కారణం అమ్మ. గర్భసంచిలో గడ్డ ఉందని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో రక్తం తగ్గిపోతోంది, ఇక ఆగకూడదు, సోమవారం సాయంత్రానికి వచ్చి చేరితే మంగళవారం ఆపరేషన్ అంది. అమ్మ సరేనని తలూపి, ఇంటికొచ్చాక మొక్కు సంగతి తీసింది. నేను చిన్నప్పుడు జ్వరంతో పడి ఉంటే బేతంచర్ల అవతల కొండ మీది అమ్మవారికి పొట్టేలును మొక్కిందట. అది తీర్చకుండా కత్తి కిందికి పోనంది. ఇన్నేళ్లూ అమ్మవారు అడగలేదు కదా అన్నాను. అత్త నావైపు చూసిన చూపుకు ఆ జ్వరం మళ్లీ వచ్చినట్టయింది.

మా వైపు మొక్కు పొట్టేలును ఊరికే కోయరు. అమ్మవారి ముందు నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, నెత్తి నుంచి తోక దాకా నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. అది ఒప్పుకుంటే అమ్మవారు కూడా ఒప్పుకున్నట్టే. విదిలించకపోతే కత్తి లేవదు. మొక్కుకున్న మనిషే పోయాలి, ఆ ఇంటి నీళ్లే పోయాలి. ఇదివరకు ఆ నీళ్లు ఇత్తడి బిందెలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయేవారు. ఈసారి చిన్నాన్న ఆదోనిలో మూత గట్టిగా ఉన్న పెద్ద నల్ల ప్లాస్టిక్ డబ్బా కొన్నాడు. బోర్లించినా చుక్క కారదని వీధంతా బోర్లించి చూపించాడు. దాన్ని జీపు పైన తాళ్లతో కట్టాడు.

పత్తికొండలో టీ, డోన్‌లో ఇడ్లీ. పదిన్నరకు బేతంచర్ల దాటి కొండ కిందికి చేరాం. మెట్లు తక్కువే. అయినా అమ్మ రెండుసార్లు కూర్చుంది. పైన అమ్మ డబ్బాలోంచి బకెట్లోకి నీళ్లు ఒంపుకుని, చెంబుతో ముంచి పొట్టేలు మీద పోసింది. అది కళ్లు మూసుకుంది. ఇంకో చెంబు పోసింది. మెడ చాపింది. మూడో చెంబుకు, క్షౌరశాలలో తల మర్దన చేయించుకునే పెద్దమనిషిలా నిలబడిపోయింది. గంటసేపు చూశాం. ఒళ్లు విదిలించలేదు.

పూజారి మంచివాడు. ఏమప్పా, ఇంట్లో ఎవరి మీదన్నా ఎవరికన్నా కోపాలుండాయా అని అడిగాడు. అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ జాబితా మొదలుపెడితే సోమవారం కూడా చాలదు. నాన్న కొంచెం ముందుకొచ్చి, పండక్కి తిట్టినందుకు చిన్నాన్నకు క్షమాపణ చెప్పాడు. చిన్నాన్న కూడా ఏదో గొణిగాడు. పొట్టేలు ఇద్దరి వైపూ చూసి నెమరు వేసింది.

ఆ రాత్రి కొండ కిందే పట్టా వేసుకున్నాం. అన్నం, ఊరిమిండి పచ్చడి, ఉల్లిగడ్డ. ఇంటికి పోదామని నాన్న, పోనని అమ్మ. చివరికి అత్త తీర్పు చెప్పింది. ఈ అమ్మవారికి ఒక చెల్లెలు జమ్మలమడుగు దగ్గర కొండల్లో ఉంది, అక్క అలిగితే చెల్లెలితో చెప్పించుకోవడం పాత పద్ధతే అంది. మొత్తం ఎంతమంది చెల్లెళ్లని అడిగాను. ఏడుగురట. ఈ లెక్కన తమిళనాడులో తేలతాం.

శనివారం బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా వెళ్లాం. ఎండ రోడ్డు మీద నీళ్లలా ఊగుతోంది. బనగానపల్లెలో బండి మీద మామిడికాయలమ్మే ఆమె వెనక పొట్టేలును చూసి, పెండ్లా అని అడిగింది. ఆపరేషన్ అన్నాను. దీనికేమయ్యిందప్పా పాపం అని దాని తల నిమిరి, ఒక కాయ ముక్క పెట్టింది. మా అందరిలో జాలి దొరికింది దానికే.

జమ్మలమడుగులో భోజనం చేసి, మూడింటికి చెల్లెలి గుడికి చేరాం. కొండ ఎర్రగా, పగుళ్లు బారి, కాలిన ఇటుకలా ఉంది. మెట్ల మధ్యలో అమ్మ ఉన్నట్టుండి కూలబడింది. పెదాలు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి. నాన్న తువ్వాలతో విసురుతూ, ఇంక చాలు, కిందికి పోదామన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపి, లేచి, గోడ పట్టుకుని ఎక్కింది. అక్కడా అదే కథ. చెంబు తర్వాత చెంబు. పొట్టేలు ఈసారి ఆనందంగా మూలిగింది కూడా. అత్త ముఖంలో మొదటిసారి భయం చూశాను. అత్తకు దేవుళ్లంటే భయం లేదు, వాళ్లు మాట వినకపోతేనే భయం.

ఆ రాత్రి అక్కడే పడుకుని, అత్త మాట మీద ఆదివారం పొద్దున కడప అవతల ఉన్న ఇంకో చెల్లెలి దగ్గరికి బయల్దేరితే, ముద్దనూరు దగ్గర టైరు పంక్చరైంది. దాని పక్కన నిలబడి ఉండగా నాన్నకు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. రేపు సాయంత్రం ఆరులోపు రాకపోతే మంచం ఇంకొకరికిస్తారట, మళ్లీ ఎప్పుడన్నది చెప్పలేరట. వస్తాండాం మేడం, దారిలోనే ఉండాం అన్నాడు నాన్న. దారిలో ఉన్న మాట నిజమే. అది కర్నూలుకు వ్యతిరేక దిక్కు దారి.

ఎర్రగుంట్ల, కమలాపురం దాటి కడప చేరేసరికి రెండయింది. సంగటి తిన్నాం. అమ్మ రెండు ముద్దలు కూడా తినలేదు. ఈ చెల్లెలు గువ్వలచెరువు ఘాటు రోడ్డు పైన. నాలుగింటికి ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కాక ఇంజను ముందు నుంచి ఆవిరి లేచింది. జీపు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఒక పక్క లోయ. ఇంకో పక్క హారన్ కొడుతూ దిగే లారీలు.

చిన్నాన్న బానెట్టు ఎత్తి, ఇంట్లో నుంచి తెచ్చిన నీళ్లు పోద్దామన్నాడు. అత్త జీపుకు అడ్డం నిలబడింది. అమ్మవారి నీళ్లు ఇంజనుకు పోస్తే చేతులు పడిపోతాయంది. ఇద్దరూ అట్లా వాదులాడుకుంటూ ఉండగా, పైన గుడిలో పోయడానికి చాలినన్ని ఉన్నాయో లేదో చూడమని అత్త నన్ను పైకెక్కించింది. డబ్బా మూత తీసి చేయి పెట్టాను. చురుక్కుమంది. టీ పొడి వేస్తే టీ అయ్యేట్టున్నాయి.

మూడు రోజులుగా ఆ పొట్టేలుకు మేం చేయించింది వేణ్నీళ్ల స్నానం. అదెందుకు విదిలిస్తుంది? సబ్బు అడగలేదు, అది దాని మర్యాద.

నవ్వుతూ కిందికి దూకాను. అత్తకు చెప్పబోతుంటే పిట్టగోడ మీద కూర్చున్న అమ్మ చేయి ఊపి పిలిచింది. దగ్గరికి పోయాను.

"నీళ్లు కాలుతాండాయి గదా?" అంది మెల్లగా.

"నీకు తెల్సా మా?"

"మొన్ననే తెల్సు. చెంబు ముంచింది నేను గదరా."

"మరి చెప్పల్యాకపోతివా? మూడు దినాలు తిరుగుతాండాం."

అమ్మ లోయలోకి చూసింది.

"అది ఇదిలిస్తే నేను పోవాల గదా ఈరేశా. మత్తు మందిస్తారంట. పండుకుంటే మళ్ల లేస్తానో లేదో. డాక్టరమ్మ మీ నాయనకు చెప్పె, మీ నాయన మీ అత్తకు చెప్పె, అందరూ కలిసి దినం పెట్టిరి. పొట్టేలునన్నా అడుగుతాండారు, నీకు ఇష్టమేనా అని. నన్ను ఎవురన్నా అడిగితిరా?"



"అయితే నేనడుగుతాండా," అన్నాను. "నాకు భయంగా ఉండాది మా. నువ్వు నిన్న మెట్ల మీద కూలబడినప్పటి నుంచి ఉండాది. పోదామా?"

నాన్న రెండు ఖాళీ సీసాలు పట్టుకుని ప్రతి లారీకీ చేయి ఊపుతున్నాడు. ఒక్కటీ ఆగడం లేదు. అమ్మ ఆయన్నే చాలాసేపు చూసింది. చివరికి ఒక రాయచోటి లారీ ఆగింది. డ్రైవరు నీళ్లిస్తూ, ముసలిబండిని ఇట్ల కొండెక్కిస్తే అది మాత్రం ఏం చేస్తుందప్పా అన్నాడు. నా అనుమానం, చిన్నాన్నను మెల్లగా తిట్టాడు.

పొద్దు గుంకేలోపు పైకి చేరినా అప్పటికే గుడి మూసేశారు, కొంచెం ఎడంగా పట్టా వేశాం. నేను పాలకోవా కొనుక్కొచ్చాను. తింటున్నప్పుడు అమ్మ లేచి, జీపులోంచి గోనెపట్టా లాగింది. ఊరి నుంచి తెచ్చిన డబ్బాను కిందికి దించమంది. గోనెను కొట్టు దగ్గరి కుళాయి నీళ్లతో తడిపి, డబ్బాకు చుట్టి, గాలి బాగా తగిలే రాతి మీద పెట్టింది. మేం పొలాల్లో తాగే నీళ్లను చల్లబరుచుకునేది అట్లాగే. ఏందమ్మా అది అని అత్త అడిగితే, ఊరికేలే వదినా అంది.

సోమవారం ఆరున్నరకు గుడి తలుపు తెరిచారు. అమ్మ నీళ్లు ఒంపింది. చెంబు ముంచుతూ వేళ్లు ఒక క్షణం అందులోనే ఉంచింది. చెంబు ఎత్తి, పొట్టేలు చెవుల మధ్య పోసింది. అది ఉలిక్కిపడి, నెత్తి నుంచి తోక దాకా జలజలా విదిలించింది. పసుపు నీళ్లు అత్త కొత్త చీర మీదా, పూజారి కళ్లజోడు మీదా, చిన్నాన్న నోట్లోనూ పడ్డాయి. అత్త ఏడ్చేసింది. ఈ చెల్లెలే అందరిలోకీ మంచిదని ఆ క్షణంలోనే తేల్చేసింది. అమ్మ చెంబు బోర్లించి పెట్టి, జీపు దాకా నడిచి, ముందు సీట్లో కూర్చుంది. ఆ సీటు ఎప్పుడూ నాన్నది.

పదింటికల్లా కూర, అన్నం ముగించి, మిగిలింది గుడి దగ్గర పంచేసి బయల్దేరాం. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. రోడ్డు బాగుంది. వెనక సీటు ఖాళీగా, విశాలంగా ఉంది. అలవాటుకొద్దీ రెండుసార్లు పక్కకు జరిగి చోటిచ్చాను. నాలుగున్నరకు కర్నూలు ఆస్పత్రిలో చేరాం. మంచం ఇంకా మాదే.

మంగళవారం పొద్దున నర్సు సూది వేయడానికి అమ్మ చేతిని స్పిరిటు దూదితో తుడిచింది. ఆ చల్లదనానికి అమ్మ భుజాల నుంచి కాళ్ల దాకా ఒకసారి వణికింది. నావైపు చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నర్సు విసుక్కుంది. బయట నిలబడిన నాన్న, లోపల ఏం జరిగిందని కంగారుగా అడిగాడు. ఒప్పుకునింది అని చెప్పాను.

మధ్యాహ్నానికి అమ్మకు మెలకువ వచ్చింది. మొదట అడిగింది, గోనెపట్టా కొండ మీదే మర్చిపోయారా అని. మర్చిపోయాం.

ఆ దారిన మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లకు ఒక్క మాట. నీళ్ల డబ్బాలు తెల్లవి కూడా ఉంటాయి. అదే కొట్టు, అదే ధర.