తిడితే బాగుపడే పానాలు

ముద్రల బాబాయికి ఉన్న జబ్బు ఒకటే. ఇనుప పనిముట్టు ఏది కంటబడినా తిరగేసి, అది ఏ దేశంలో పుట్టిందో, ఏ కంపెనీ ముద్ర ఉందో చదివి తీర్పు చెప్పేదాకా ఆయనకు అన్నం సయించదు. మెకానిక్కుకు ఆ మాత్రం పట్టింపు ఉండొద్దా అని మీరు అడగవచ్చు. మెకానిక్కు పానాలతో ఆగితే ఎవరికీ పేచీ లేదు. ఒకసారి గడ్డం సగం గీయించుకున్నాక, మంగలి కత్తి మీద అసలు ముద్రే లేదని కనిపెట్టి కుర్చీలోంచి లేచిపోయాడు. మిగతా సగం గడ్డంతో మూడు రోజులు తిరిగాడు.

మెకానిక్కు షెడ్లన్నీ వరసగా ఉన్న ఆ వీధిలో ఎవరు కొత్త పానా కొన్నా ముందు ఆయన దగ్గరికి తేవాల్సిందే. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. దారానికి వేలాడదీసి గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. చివరికి కళ్లు మూసుకుని, ముద్ర మీద బొటనవేలు రాస్తాడు.

"రెండు సింహాల ముద్ర. జర్మనీ. ముందు దణ్ణం పెట్టుకో, తర్వాత వాడుకో."

"ఇది జపాన్. ఒళ్లు వంచి పనిచేస్తుంది, నోరెత్తదు."

"ఇదేమిటి, ఊరూ పేరూ లేదు? పానాను చూసి బోల్టు భయపడాలి. దీనికి బోల్టును చూస్తేనే వణుకు."

ఈ మూడో రకం తిట్లు తినని వాళ్లు వీధిలో లేరు. ఆయన అన్నకూతురు అమ్మడు కూడా తింది. ఐదేళ్ల కిందట శిక్షణ పూర్తిచేసి బాబాయి షెడ్డులో పనికి చేరిన రోజున, తను సొంతంగా కొనుక్కున్న పద్నాలుగో నంబరు పానా మురిపెంగా చూపించింది. ఇంకొకరి పానాలతో కలిసిపోకుండా దాని పిడికి ఊదారంగు గోళ్లరంగు కూడా పూసుకుంది.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "రంగు బాగుంది. పానా ఏదమ్మడూ?"

అమ్మడు ఆ రోజు ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. విచిత్రం ఏమిటంటే, వారం తిరిగేసరికి అదే పానా బోల్టును ఉడుంపట్టు పట్టింది. ఆ తర్వాత ఇంతవరకు ఒక్కసారి కూడా జారలేదు. పక్క షెడ్డు వెల్డరుకు చెబితే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మీ బాబాయి తిడితే పానాలకు సిగ్గొస్తుందమ్మా. నా ప్లయరు కూడా అలాగే దారికొచ్చింది."

వీధంతటికీ ఇదే నమ్మకం. దాంతో జనం పనిగట్టుకుని తిట్టించుకోవడానికే వచ్చేవాళ్లు.

"బాబాయ్, ఈ స్క్రూడ్రైవరును కాస్త తిట్టి పెట్టండి."

"ఇది ఒక్క తిట్టుతో లొంగే రకం కాదు. రెండు రోజులు వదిలేసి వెళ్లు."

పనిముట్టును వదిలేసి వెళ్లేవాళ్లు. అది బుద్ధి తెచ్చుకుని తిరిగొచ్చేది. వీధిలో ముద్ర చదివే అలవాటు ఉన్నది ఆయనొక్కడికే కాబట్టి, మిగతావాళ్లెవరూ తిరగేసి చూడలేదు. బోల్టు ఊడిందా లేదా, అంతవరకే వాళ్లకు కావాలి.

బాబాయికి మతి చలించిందని కూడా ఒక పుకారు ఉండేది. దాన్ని పుట్టించినవాడు గాజులూ రిబ్బన్లూ అమ్మే దుకాణదారు. అమ్మడు పనికి చేరిన వారంలోనే బాబాయి అతని దగ్గరికి వెళ్లి ఊదారంగు గోళ్లరంగు సీసా అడిగాడట. "ఎవరికండీ?" అంటే, "పద్నాలుగో నంబరుకి" అన్నాడట.

ఇంతటి పండితుడు స్వయంగా వాడేది మాత్రం పిడికి గుడ్డపేలికలు చుట్టిన పాత సరంజామా. "నీ జర్మనీ సెట్టు ఏది బాబాయ్?" అంటే, తన మూడు అరల ఇనుప పెట్టె చూపించేవాడు. వయసులో ఉన్నప్పుడు ఓడల మరమ్మతు చేసి సంపాదించుకున్న సెట్టు కింది అరలో ఉందనీ, దాన్ని తాకే మొనగాడు ఇంకా పుట్టలేదనీ చెప్పేవాడు.

అలాంటి మనిషి, కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తూ పెట్టె తాళాలు అమ్మడి చేతిలో పెట్టాడు.

"బడి బస్సు నీదే. నీళ్ల పంపు మార్చాలి. బడి వదిలేలోగా బస్సు గేటు ముందుండాలి. పై అరలు రెండూ నీ ఇష్టం. కింది అర జోలికి వెళ్లకు."

బస్సు డ్రైవరు నసిగాడు. "మీరొచ్చాక చేయించుకుంటాను లెండి. ఆవిడొక్కతే అంటే..."

"ఆవిడే చేస్తుంది" అన్నాడు బాబాయి.

అమ్మడికి ఒంటరిగా దక్కిన మొదటి పెద్దపని అది. ఇది చెడిపోతే తను జన్మంతా బాబాయి పక్కన నిలబడి నట్లు అందిస్తూ ఉండాల్సిందేనని ఆమెకు తెలుసు. పొద్దున్నే బస్సు కిందికి దూరింది. పంపుకున్న ఆరు బోల్టులలో ఐదు ఊడదీసింది. ఆరోది పంపు వెనకాల నక్కింది. మామూలు పానా అక్కడికి దూరదు. మెడ వంచిన పదిహేడో నంబరు రింగు పానా కావాలి. పై అరలు రెండూ వెతికినా అది దొరకలేదు.

"చెప్పానా, పెద్దాయన ఉండాలని" అన్నాడు డ్రైవరు గడియారం చూసుకుంటూ. బడి వదలడానికి గంటన్నర ఉంది.

అమ్మడు మనసులోనే బాబాయికి క్షమాపణ చెప్పుకుని కింది అర తాళం తీసింది.

లోపల జర్మనీ లేదు. పళ్లు విరిగిన ప్లయర్లు, నోరు సాగిపోయిన పానాలు, మెలి తిరిగిన స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. ఒక్కదాని మీదా ముద్ర లేదు. ఒకదానికి వెల్డరు తన పనిముట్లకు పూసుకునే ఎర్ర పెయింటు ఉంది. ఇంకొకదానికి టైర్ల షెడ్డాయన చుట్టుకునే పసుపు టేపు ఉంది. అన్నిటికంటే అడుగున, ఊదారంగు వెలిసిపోయిన పద్నాలుగో నంబరు పానా ఉంది.

అమ్మడు జేబులోంచి తన పద్నాలుగు తీసి, ఐదేళ్లలో మొదటిసారి తిరగేసి చూసింది. ఊదారంగు కింద రెండు సింహాలు నిక్షేపంగా కూర్చుని ఉన్నాయి.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ తీరికలేక వెల్డరు దగ్గరికి పరిగెత్తింది.

"మెడ వంచిన పదిహేడు ఉందా?"

"ఉందమ్మా. మొదట్లో వట్టి దద్దమ్మ. మీ బాబాయి మూడు రోజులు తిట్టాడు."

దాన్ని తిరగేసింది. జర్మనీ. సెట్టు ఎక్కడికీ పోలేదు, వీధంతా పరుచుకుని ఉంది. ఆరో బోల్టు ఒక్క పట్టుకే కదిలింది. బడి గంట కొట్టడానికి పది నిమిషాల ముందు బస్సు గేటు దగ్గర నిలబడింది. డ్రైవరు వచ్చే నెల బ్రేకుల పని కూడా అమ్మడికే చెప్పి వెళ్లాడు.

మర్నాడు బాబాయి కంటికి కట్టుతో షెడ్డుకు వచ్చాడు. వెంట వచ్చిన పిన్ని లబలబలాడింది.

"ఆపరేషన్ బల్ల మీద పడుకుని, ఆ కత్తి ఏ దేశానిదని అడిగాడే. డాక్టరు చెప్పేదాకా కన్ను తెరవనంటే తెరవనన్నాడు."

"స్విట్జర్లాండు" అన్నాడు బాబాయి తృప్తిగా. "అమ్మడూ, బస్సు వెళ్లిందా?"

"వెళ్లింది. కింది అర తెరిచాను బాబాయ్."

బాబాయి దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"అంత మంచి సెట్టు అందరికీ పంచేసి, ఈ పేలికలు చుట్టిన చెత్తతో నువ్వు పనిచేస్తున్నావా?"

"నాకు వాటి గుణం తెలుసు. ఎక్కడ జారుతాయో, చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో తెలుసు. మీకు తెలీదుగా."

ఆయన వేలి కణుపుల మీద పాత గాట్లు వరసగా ఉన్నాయి. ఎన్నేళ్లుగానో చూస్తున్నా అమ్మడు వాటిని ఆ రోజే నిజంగా చూసింది.

"వీధిలో చెప్పేశావా?"

"లేదు. చెబితే తిట్టించుకోవడానికి ఎవరొస్తారు?"

బాబాయి ముఖం విచ్చుకుంది. "ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

అమ్మడు చెయ్యి చాపింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తిరగేశాడు. మంచి కన్ను దగ్గరగా పెట్టి, కణుపుల మీద బొటనవేలు రాశాడు. ఎక్కడా గాటు లేదు.

"సరుకు ఎలా ఉంది బాబాయ్? ఏ దేశం?"

"ముద్ర లేదు" అన్నాడు ముద్రల బాబాయి, చెయ్యి వదలకుండానే. "అక్కర్లేదులే. మనింట్లో తయారైందే."