జడకోలాటంలో హంసలు

క్యాసెట్ అడుగున ఉన్న ఐదు స్క్రూలూ విప్పి వామన్‌రావు వాటిని సీసా మూతలో వేశాడు. పై డొప్ప ఎత్తి, రెండు చక్రాలనూ చూపుడువేలితో కాస్త తిప్పి చూశాడు. టేపు అంచుల వెంట తెల్లగా బూజు పట్టింది. టేపు వదులు కాకుండా ఎడమచేతి బొటనవేలితో నొక్కి పట్టి, రెండు చక్రాలనూ శుభ్రమైన మరో డొప్పలోకి మార్చాడు. ఆ తర్వాత మెత్తటి గుడ్డ మధ్య నుంచి టేపును అంగుళం అంగుళం లాగుతూ తుడవసాగాడు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న చంద్రిక ముందుకు వంగి చూస్తోంది.

"సారు, గట్ల గుంజితే తెగదా?"

"మాట్లాడిస్తే తెగుద్దమ్మా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంది వామన్‌రావు గది. కింద ఫోను కవర్ల దుకాణాలు. ఒకప్పుడు ఆ వరస మొత్తం క్యాసెట్ లైబ్రరీలే. శనివారం సాయంత్రమైతే జనం వీసీఆర్‌ను కూడా కిరాయికి తీసుకుని, దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని పోయేవారు. సోమవారం పొద్దున్నే తిరిగొచ్చిన ప్రతి మిషన్‌కీ టేపును చదివే హెడ్డు తుడవాల్సిందే. వామన్‌రావు పని నేర్చుకున్నది అక్కడే. తెనాలి నుంచి యాభయ్యారులో వచ్చిన గుమస్తా కుటుంబం వాళ్లది. ఇంటర్ తప్పాక, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలు కొనుక్కుని, అందులో ఉన్న సర్క్యూట్లను ఒక్కొక్కటిగా కట్టి చూసేవాడు. పనిచేస్తే దాచుకునేవాడు, చెయ్యకపోతే విప్పి మళ్లీ కట్టేవాడు. ఆయనకు ఇంకో చదువు లేదు.

చంద్రిక లక్డీకాపూల్‌లోని ఒక ఆఫీసులో అటెండరు. క్యాసెట్ పట్టుకుని అప్పటికే రెండు దుకాణాలు తిరిగింది. రెండు చోట్లా ఒకటే మాట. వీడియోను కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే, ఒక చోటుకి రాగానే 'ఇది కాపీ చేయకూడని క్యాసెట్' అని తెర మీద పడి ఆగిపోతోందట.

"సినిమా క్యాసెటమ్మా, కేసయితది అన్నడు సారు గా దుకాణపాయన. మా మేనమామ పెండ్లి క్యాసెట్ ఇది. దాంట్ల మా అవ్వ కోలాటమాడుతది. మా అవ్వేమన్న హీరోయినా అని అడిగిన."

"ఏమన్నాడు?"

"చాయ్ తాగుతవా అన్నడు."

ఆమెకు కావలసింది పెళ్లి కాదు, తల్లి ఆడిన ఆ కోలాటమే. పందిరి నడుమ కట్టిన గుంజ నుంచి ఎనిమిది తాళ్లు వేలాడతాయి. ఎనిమిదిమంది ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకుని, ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ తిరుగుతుంటే తాళ్లు జడలా అల్లుకుంటాయి. అల్లడం చంద్రిక జట్టుకు వచ్చు. మళ్లీ ఆడుతూనే ఆ జడ విప్పాలి. అదే రాదు. పోయిన ఏడు బస్తీ వినాయకుడి మంటపం ముందు తాళ్లు ముడిపడి, చివరికి కత్తెరతో కోశారు. మైకు పట్టుకున్నతను 'కత్తెర కోలాటం' అన్నాడు. ఆ పేరు ఏడాదంతా ఆమె వెంట తిరిగింది. ఈ ఆదివారం మళ్లీ అదే మంటపం. విప్పడం తెలిసిన తల్లి యాదవ్వ చనిపోయి ఆరేళ్లయింది. ఆమెతో ఆడినవాళ్లలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ రెండు రకాలుగా చెబుతున్నారు.

"ఈసారి గూడ ముడివడ్డదనుకో సారు, ఇగ జట్టుల ఒక్కలు మిగలరు. మా అవ్వ ఆట గాడనే ఖతం."

వామన్‌రావు క్యాసెట్‌ను మిషన్‌లో పెట్టాడు. పందిరి, బ్యాండు, చేతులూపుతున్న పిల్లలు. బొమ్మ ముతగ్గా ఉన్నా నిలకడగానే ఉంది. కోలాటం మొదలైంది. తాళ్లు సగం అల్లుకునేసరికి తెర మూలన గుండ్రటి కిటికీలో రెండు హంసలు వచ్చి నీళ్ల మీద తేలడం మొదలుపెట్టాయి. ఆ క్షణం నుంచి బొమ్మ మెల్లగా చీకటైంది, మళ్లీ తెల్లబారింది, మళ్లీ చీకటైంది. మనుషులు నీడల్లా తిరుగుతున్నారు. సరిగ్గా అక్కడే కంప్యూటర్ ఆగి, ఆ పాత మాటే చూపించింది.

వామన్‌రావు టేపు ఆపాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ హంసల్ని పెట్టింది నేనేనమ్మా."

"ఏంది?"

"తొంభై ఆరులో నాంపల్లి స్టేషన్ రోడ్డులో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేవాణ్ణి. ఈ కిటికీ నేను కోసిందే."

చంద్రిక తెర వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "మా అవ్వ ఆడుతుంటే మీద కొంగలను పెట్టినవా?"

"హంసలు."

"ఏదైతేంది సారు! గాడ చుక్క నీళ్లు లెవ్వు, దుమ్ము లేస్తుంది. హంసలకేం పని గాడ?"

"అప్పుడు అందరూ అడిగేవాళ్లు. హంసలు లేకపోతే పెళ్లి వీడియోనే కాదనేవాళ్లు."

ఆ హంసలు ఏదో విదేశీ క్యాసెట్‌లోవి. కంపెనీవాళ్లు తమ క్యాసెట్‌ను ఎవరూ కాపీ చేయకుండా, తెర మీద కనపడని పై గీతల్లో దొంగ వెలుగు దాచేవారు. టీవీ దాన్ని పట్టించుకోదు. రికార్డు చేసే మిషన్ మాత్రం మోసపోతుంది. బొమ్మలో వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, తర్వాత తక్కువైందనుకుని పెంచుతుంది. మిక్సింగ్‌లో వామన్‌రావు హంసల క్యాసెట్‌నే అడుగు బొమ్మగా పెట్టి, పెళ్లిని దాని మీదికి తెచ్చాడు. హంసలతో పాటు ఆ దొంగ గీతలూ పెళ్లి క్యాసెట్‌లోకి ఎక్కాయి. ఆయనకు అప్పుడా సంగతి తెలియదు. వెలుగు తగ్గి పెరుగుతుంటే స్టూడియో ఓనరు చూసి 'భలే ఎఫెక్ట్' అన్నాడు. పెళ్లివాళ్లూ మెచ్చుకున్నారు. మా పెళ్లిలో కూడా అట్లా మిణుకు మిణుకుమనాలని అడిగి చేయించుకున్నవారున్నారు.

మరో ఏడాదికి గానీ అది ఎఫెక్ట్ కాదని ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక పెట్టె తయారుచేశాడు. వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మను అందులోంచి పోనిస్తే అది దొంగ గీతల్ని నల్లగా కప్పేసి, మిగతాదాన్ని వదిలేస్తుంది. రాగిరేకు బోర్డు మీద సర్క్యూట్ గీతలు తనే గీసి, మిగతా రాగిని మందు నీళ్లలో కరిగించి, ప్లాస్టిక్ సబ్బుపెట్టెల్లో బిగించేవాడు. లైబ్రరీల వాళ్లు వరస కట్టి తీసుకుపోయారు. వాటితో వాళ్లు ఏం కాపీ చేసేవారో ఆయనకు తెలుసు. తెలియదని ఎప్పుడూ అనలేదు. సీడీలు వచ్చాక ఆ పెట్టెల్ని అడిగినవాళ్లు లేరు. ఒక్కటి మాత్రం అటక మీద మిగిలింది.

చంద్రికను గురువారం రమ్మన్నాడు. మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కెపాసిటర్లు తెచ్చి, అటక మీది సబ్బుపెట్టెలో ఉబ్బిపోయిన వాటిని తీసి కొత్తవి అతికించాడు. పాత టంకం తీసేటప్పుడు ఒక రాగి గీత లేచి వచ్చింది. దాని బదులు సన్నటి తీగ వేశాడు. దొంగ గీతలున్న వేరే క్యాసెట్ పెట్టి చూస్తే కంప్యూటర్ నోరు మెదపలేదు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి అడిగి వచ్చింది చంద్రిక. ఆయన నేరుగా విషయం చెప్పాడు.

"చూడమ్మా. ఈ పెట్టె కంప్యూటర్‌ని ఒప్పిస్తుంది. కానీ టేపు మీద ఎక్కేసిన చీకటిని తియ్యలేదు. దాన్ని నేనే చేత్తో, వెలుగు పెంచి తగ్గించే ఈ గుండీ తిప్పుతూ సరిచెయ్యాలి. చీకటిగానే ఎక్కించి తర్వాత కంప్యూటర్లో పెంచితే చుక్కలు తప్ప కాళ్లు రావు. మొన్న ఒక్కసారి వేసినందుకే హెడ్డు మీద పొడి రాలింది. ఇంకొక్కసారి ఆడుతుంది. రెండోసారికి నేను మాట ఇవ్వను."

"ఒక్కసారి చాలదా?"

"చీకట్లో కాళ్లూ చేతులూ కనపడాలంటే వెలుగు బాగా పెంచాలి. పెంచితే పైన లైటు పడే చోట అంతా తెల్లగా పోతుంది. మొహాలన్నీ ఆ లైటులోనే ఉన్నాయి, మీ అమ్మదీ అంతే. కాళ్లు కావాలంటే మొహం పోతుంది. మొహం ఉంచితే కాళ్లు కనపడవు."

చంద్రిక కిటికీలోంచి కిందికి చూసింది. కింద సందులో ఆటో ఒకటి హారన్ కొడుతూనే ఉంది.

"మా ఇంట్ల అవ్వది నడిచే బొమ్మ ఇదొక్కటే సారు."

"అందుకే అడుగుతున్నా."

"మొఖం పోనీ," అంది. "మొఖం నాకు యాదికుంది. కాళ్లే యాదికి లెవ్వు."

వామన్‌రావు తల ఊపి, ముంజేతిని బల్లకు ఆనించి, గుండీ మీద రెండు వేళ్లు పెట్టాడు. టేపు కదిలింది. హంసలు వచ్చాయి. చీకటి మొదలవుతూనే వేళ్లు కదిలాయి. తెర తెల్లబారే లోపే వెనక్కి వచ్చాయి. కోల దెబ్బలకీ ఈ చీకటికీ లయ కలవదు. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఒకటి. ఆయన వినడం మానేసి తెర అంచునే చూస్తూ తిప్పాడు. గుంజ పక్కన యాదవ్వ మొహం తెల్లటి ముద్దలా పోయింది. దాని కింద చీర కుచ్చెళ్లు, కడియాలు, దుమ్ములో పాదాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

జడ పూర్తయింది. అందరూ వెంటనే వెనక్కి తిరగలేదు. యాదవ్వ నిలుచున్న చోటే రెండు దెబ్బలు వేసి, తాడును కుడిచేతి నుంచి ఎడమచేతికి, కోలను ఎడమ నుంచి కుడికి మార్చింది. మిగతా ఏడుగురూ మార్చారు. అప్పుడు తిరిగారు.

"చెయ్యి మారుస్తున్నది!" చంద్రిక లేచి నిలబడింది. "అయ్యో, మేం గదే చేత పట్టుకొని తిరుగుతున్నం. కోల దిక్కు తాడు వడ్డంక ముడి వడదా మరి!"

"కూచోమ్మా, ఇంకా అయిపోలేదు," అన్నాడు వామన్‌రావు, చూపు తిప్పకుండా.

చివరి తాడు విడిపోయి ఎనిమిదీ మళ్లీ వేటికవి వేలాడేదాకా ఆయన వేళ్లు ఆగలేదు. టేపు ఆపి, చేతిని రెండుసార్లు విదిల్చుకున్నాడు. రికార్డయిన దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆమెకు వేసి చూపించాడు. తాడు మారే చోటును ఆమె మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి నిలబడి, ఖాళీ చేతులతో తనూ రెండు దెబ్బలు వేసి మార్చి చూసుకుంది. ఆయన దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆమె ఫోనులోకి కూడా పంపి, అందులో ఆడుతోందో లేదో చూశాడు. క్యాసెట్‌ను కొత్త అట్టపెట్టెలో పెట్టి, 'యాదవ్వ జడకోలాటం, 1996' అని రాసి, దాని కింద 'ఇక మిషన్‌లో వేయకూడదు' అని కూడా రాసి గీత గీశాడు.

పెన్‌డ్రైవ్, క్యాసెట్ రెండూ ఆమె చేతిలో పెట్టాడు. ఐదింటికి సాధనకు జట్టు వస్తుందంటూ ఆమె మెట్లు దిగిపోయింది.