ఆర్డిస్ అత్త ఇంకా తేల్చుకోలేదు

మా ఆర్డిస్ అత్తకి ఒకటే లోపం. నాలుగేళ్ళకోసారి అధ్యక్ష ఎన్నికలొస్తే, ఎవరికి ఓటెయ్యాలో ఆవిడ తేల్చుకోలేదు. ఊళ్ళో కుక్కలు కూడా ఏదో ఒక పార్టీ తరఫున మొరుగుతున్న రోజుల్లో ఆవిడ మాత్రం "ఇంకా ఆలోచిస్తున్నానమ్మా" అంటుంది. ఫిబ్రవరిలో అడిగినా అదే మాట, అక్టోబరు చివర్లో అడిగినా అదే మాట.

అలాగని నాన్చే మనిషి అనుకునేరు. మా లెనర్డ్ మావయ్యని చర్చి హాల్లో ఒక్క పాటకి డాన్సు చేసేలోపు పెళ్ళికి ఖాయం చేసేసుకుంది. ఆ సంగతి మావయ్యకి ఆర్నెల్ల తర్వాత తెలిసింది. కార్లమ్మే చోటికి తోడు రమ్మంటే వెళ్ళాను; నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి ఆవిడ కొత్త కారులో కూర్చుని, ఇంత ఆలస్యమేమిటని విసుక్కుంటోంది. పుచ్చకాయని తట్టి చూసే అలవాటు లేదు. దూరం నుంచి ఒక చూపు చూస్తే కాయే భయపడి బుట్టలోకి దొర్లుతుందని కొట్టువాళ్ళు అంటారు.

ఆ ఏడాది పోటీ ఒక గవర్నరమ్మకీ ఒక సెనేటరుకీ. పన్నుల గురించీ విదేశాల గురించీ టీవీవాళ్ళు ఏం చెప్పుకున్నా, విస్కాన్సిన్‌లో మా ఊరివాళ్ళ లెక్కలు వేరు. మాంసం కొట్టు హరాల్డ్ సెనేటరుకి చచ్చినా వెయ్యనన్నాడు. ఆ పెద్దమనిషి జున్ను ఫ్యాక్టరీకి వచ్చి, తాజా ముక్క చేతిలో పెడితే నోట్లో వేసుకోకుండా వాసన చూశాడట. జుట్టు కత్తిరించే పాట్సీకి గవర్నరమ్మ మీద నమ్మకం లేదు. గాలివానలో విమానం దిగినా ఆవిడ జుట్టులో ఒక్క పోగు కదల్లేదు కాబట్టి, ఆవిడ దగ్గర ఏదో రహస్యం ఉంది. పాస్టరుగారు ఎవరి పేరూ ఎత్తేవారు కాదు గానీ, "మాకు మంచి బుద్ధి ప్రసాదించు" అన్నప్పుడు ఆయన ఏ వరసవైపు చూశారన్న దాని మీద చర్చి మెట్ల దగ్గర గంటసేపు వాదన జరిగేది. పాలరైతు ఒకాయన మాత్రం ఇద్దరూ వద్దు, మా ఆవుల్లో ఒకదాన్ని నిలబెట్టండి, దానికి కనీసం వేళకి ఇల్లు చేరడం తెలుసు అన్నాడు.

ఇలాంటి ఊళ్ళో తేల్చుకోని ఓటరున్న ఇల్లంటే పెళ్ళీడు పిల్ల ఉన్న ఇల్లే. రెండు పార్టీలవాళ్ళూ మార్చి మార్చి గుమ్మమెక్కేవాళ్ళు. ఒకసారి మిల్వాకీ నుంచి టీవీ అమ్మాయి కూడా వచ్చి, మీ ఓటుని నిర్ణయించే ముఖ్యమైన అంశం ఏమిటని మైకు పెట్టింది. సెనేటరు ఆవుని వెనకవైపు నుంచి నిమిరాడనీ, అది ఆలోచించాల్సిన విషయమనీ అత్త చెప్పింది. తర్వాత ఆ అమ్మాయి మొహంకేసి చూసి, పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా అని అడిగింది. తిరిగి వెళ్ళేటప్పుడు టీవీ అమ్మాయి రెండు చేతుల్లోనూ ఆపిల్ కేకు ఉంది. మైకు కెమెరావాడు నోట్లో కరుచుకెళ్ళాడు.

ఆవిడ ఓటు కోసం అందరికంటే ఎక్కువ ప్రాణం పెట్టినవాళ్ళు వెండెల్, నార్బర్ట్. ఇద్దరూ మావయ్య స్నేహితులు. ఊళ్ళో సెనేటరు పార్టీకి వెండెల్ పెద్ద, గవర్నరమ్మ పార్టీకి నార్బర్ట్ పెద్ద. చలికాలం సరస్సు గడ్డకట్టగానే ముగ్గురూ దాని మీద నిలబెట్టిన ఒకే చెక్కగదిలో చేరి, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్ళు. మావయ్య పోయాక, కిందటి ఎన్నికల సమయంలో, ఊరంతా చేరే శుక్రవారం చేపల విందులో ఈ ఇద్దరికీ మాటామాటా పెరిగి, పొత్తు తెగిపోయింది. పంపకాల్లో నార్బర్ట్‌కి చెక్కగది, వెండెల్‌కి అందులోని పొయ్యి వచ్చాయి. ఆ చలికాలమంతా ఒకాయన పొయ్యి లేని గదిలో వణికాడు, ఇంకొకాయన గది లేని పొయ్యి పక్కన వణికాడు. ఎవరికీ చేప పడలేదు.

తర్వాత అది నవ్వుకునే సంగతిగా మిగల్లేదు. వెండెల్ భార్య అంతకుముందే పోయింది. నార్బర్ట్ పెళ్ళే చేసుకోలేదు. ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు డబ్బా సూపు వేడి చేసుకుని తాగుతూ, ఎదురుపడాల్సి వస్తే వీధి మార్చేవాళ్ళు. నార్బర్ట్‌కి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు వెండెల్ ఆస్పత్రి దాకా వెళ్ళి, బయట కారులో కూర్చుని, లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చాడు.

కొత్త ఎన్నికలు రాగానే ఇద్దరూ అత్తకి నచ్చచెప్పడానికి వస్తామన్నారు. ఇద్దరికీ గురువారం సాయంత్రమే రమ్మంది. వేరే వేరే రోజులివ్వమని ఎంత బతిమాలినా, వారానికి రెండు విందులు తన వల్ల కాదంది. నేను ఎదురింట్లోనే ఉంటాను కాబట్టి గిన్నెలు తుడవడానికి నన్నూ పిలిచేది.

మొదటి గురువారం ఇద్దరూ బల్లకి చెరో కొసన కూర్చున్నారు.

"ఆర్డిస్, ఆ వెన్న ఇటు జరపమని ఆయనకి చెప్పు" అన్నాడు నార్బర్ట్.

వెన్న గిన్నె వెండెల్ మోచేతి దగ్గరే ఉంది. "గుండెకి ఆపరేషన్ అయినవాళ్ళు వెన్న జోలికి పోకూడదని ఆయనకి చెప్పు, ఆర్డిస్."

"నా గుండె గురించి ఆయనకెందుకో కనుక్కో."

అత్త వెన్న గిన్నె బల్ల మధ్యకి నెట్టి, "గవర్నరమ్మ పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి నార్బర్ట్. కాఫీ తాగని మనిషికి దేశాన్నెలా అప్పజెబుతాం?" అంది. నార్బర్ట్ మొహం పాలిపోయింది. మళ్ళీ గురువారానికి గవర్నరమ్మ కాఫీ తాగుతున్న ఫొటో ఎక్కడినుంచో సంపాదించుకొచ్చాడు. ఈలోపు అత్తకి సెనేటరు బూట్ల మీద అనుమానం వచ్చింది. పొలంలో నడిచానంటాడు, మడమకి మట్టేదీ? వెండెల్ వారమంతా ఫొటోల్లో మట్టి కోసం వెతికాడు.

అలా వసంతం పోయింది, మొక్కజొన్న కోతలొచ్చాయి. అత్తకి అనుమానాలు తరగలేదు, ఇద్దరికీ ఓపిక తరగలేదు. మాటలు ఇంకా అత్త మీదుగానే నడుస్తున్నాయి గానీ, సెప్టెంబరుకల్లా నార్బర్ట్ మొదట వెండెల్ కప్పు నింపి, తర్వాత వెండెల్ పార్టీని తిట్టేవాడు.

ఎన్నికల రోజు దాకా ఆగకుండా ముందే ఓటెయ్యడానికి అక్టోబరులో తలుపులు తెరిచిన రోజే నేను ఊరి ఆఫీసుకి వెళ్ళాను. మెట్ల మీద అత్త ఎదురైంది. కోటు మీద 'నేను ఓటేశాను' అన్న బిళ్ళ ఉంది.

"అత్తా, తేల్చుకున్నావా?"

"మార్చిలోనే."

"మరి ఈ గురువారాలన్నీ దేనికి?"

అత్త బిళ్ళ పీకి నా కోటుకి అంటించింది. "మార్చిలో చెప్పేశాననుకో. ఒకడు సంతోషించి ఇంటికెళ్ళిపోతాడు, ఒకడు అలిగి ఇంటికెళ్ళిపోతాడు. ఇద్దరికీ మళ్ళీ ఆ డబ్బా సూపే. వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే నేను తెలివితక్కువదాన్నయితేనే కుదురుతుంది. నోరు జాగ్రత్త."

ఎవరికి వేశావని అడిగితే, బరువెంతని అడిగినట్టు చూసి వెళ్ళిపోయింది.

ఎన్నికల రోజు ఆవిడని తీసుకెళ్ళడానికి రెండు కార్లు వచ్చి గుమ్మం ముందు ఆగాయి. ఇద్దరూ ఒకే కారులో వస్తేనే తను వస్తానంది అత్త. వెండెల్ నడిపాడు, నార్బర్ట్ పక్కన కూర్చున్నాడు, అత్త వెనక సీట్లో రాణిగారిలా కూర్చుంది. స్కూల్లో పోలింగు. అత్త ఒక్కతే లోపలికెళ్ళి, పిల్లల తల్లులు పెట్టిన కేకుల బల్ల దగ్గర చాలాసేపు నిలబడి, గుమ్మడికాయ కేకుతో బయటికొచ్చింది. ఏం చేశావని ఇద్దరూ ఒక్క గొంతుతో అడిగారు. ఓటు రహస్యమంది.

సెనేటరు ఓడిపోయాడు. ఆ గురువారం నేను భయపడుతూనే అత్తింటికి వెళ్ళాను. వెండెల్ అప్పటికే వచ్చి, ఖాళీ కంచంకేసి చూస్తూ కూర్చున్నాడు. నార్బర్ట్ వచ్చాడు. గెలిచిన ఊసే ఎత్తలేదు. తన ప్లేటులో పడిన పెద్ద మాంసం ముక్క చూసి, "ఆర్డిస్, ఇది ఆయనకి పెట్టు" అన్నాడు.

కాఫీలు వచ్చాయి. అప్పుడు అత్త నిట్టూర్చి, ఏప్రిల్లో జడ్జీ పదవికి ఎన్నికలట, నిలబడ్డ ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళో తనకేమీ పాలుపోవడం లేదంది. ఇద్దరు ముసలివాళ్ళూ చాలా గంభీరంగా కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

భోజనాలయ్యాక నార్బర్ట్‌ని కారుదాకా దిగబెట్టాను. ఆయన చేతితొడుగులు వేసుకుంటూ, "పాపం, మీ అత్త అక్టోబరులోనే ఓటేసేసింది తెలుసా?" అన్నాడు.

నేను తెలియనట్టు మొహం పెట్టాను. "మీకెవరు చెప్పారు?"

"బిళ్ళ పెట్టుకుని మెట్లు దిగుతుంటే వెండెల్ చూశాట్ట. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు."

"వెండెల్ మీకు ఫోన్ చేశాడా?"

నార్బర్ట్ వంటింటి కిటికీవైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లిగా. మేం మాట్లాడుకుంటున్నామని తెలిస్తే గురువారాలు మానేస్తుంది. లెనర్డ్ పోయాక ఆవిడ తన ఒక్కదాని కోసం వండుకుని తినడం ఎప్పుడైనా చూశావా? అందుకే వెండెల్ మన మధ్య ఏమీ తేలనట్టే ఉందామన్నాడు. నేనూ సరేనన్నాను."

ఇంతలో వెండెల్ గుమ్మం దిగి వస్తూ కనిపించాడు. అతని వెనకే అత్త కిటికీ తెర పక్కకి జరిపింది. నార్బర్ట్ ఆమెకి వినపడేలా గొంతు పెంచాడు.

"అమ్మాయ్, ఆయన కారు నా కారుకి అడ్డంగా ఉంది. తియ్యమని చెప్పు."

వెండెల్ రెండడుగుల దూరంలో నిలబడి నవ్వు ఆపుకుంటున్నాడు. నేను ఆయనవైపు తిరిగి, కారు తియ్యమంటున్నారని చెప్పాను.