పెద్దమ్మ సొంత గొంతు

మా ఇంటికి వచ్చేవాళ్లు ముందు గోడ మీది ఫొటో చూస్తారు. తర్వాత మంచం మీద కూర్చున్న మనిషిని చూస్తారు. ఆ తర్వాత నా వైపు తిరిగి "ఈమేనా?" అంటారు. అవును, ఈమే. ఒకప్పుడు మద్రాసులో సినిమాల్లో వేషాలు వేసి, పాటలు పాడిన మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక తిరుపతిలో నా దగ్గరికి వచ్చేసింది. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి, నాకు అరవై దాటాయి. బడిలో లెక్కలు చెప్పి చెప్పి అలిసిపోయి రిటైరైతే నాకీ కాపలా ఉద్యోగం దొరికింది. దీనికి రిటైర్మెంటు లేదు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది యూట్యూబు వాళ్లు. ఎవరొచ్చినా అడిగేది ఒక్క పాటే. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు ఇప్పటికీ వాయిస్తుంటారు దాన్ని. తెర మీద పెదాలు ఆడించింది మా పెద్దమ్మ, పాడింది వేరే ఆవిడ. మొదటి రెండు సినిమాల్లో పెద్దమ్మ పాటలు పెద్దమ్మే పాడుకుంది. మూడో సినిమా నిర్మాతకు ఆమె గొంతు మరీ మందంగా ఉన్నట్టు తోచింది. మొహం ఉంచుకుని గొంతు మార్చేశారు. ఆడింది ఆ మూడోదే. మొదటి రెండూ ఇప్పుడు వెతికినా దొరకవు.

"ఆ పాట నేను పాడింది కాదు నాయనా" అని ఆమె చెబుతూనే ఉండేది. "అయ్యో, ఎంత అణకువమ్మా మీకు!" అని వాళ్లు మురిసిపోయేవారు. పక్కన కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడిన నాకు ఒళ్లు మండిపోయేది.

పోయిన చలికాలంలో చిత్తూరులో సన్మానం చేస్తామని ఒక సంఘం వాళ్లు ఫోన్ చేశారు. ఆమె చేత ఒక పాట కూడా పాడిస్తామన్నారు. నేను వద్దనే అనుకున్నాను. ఆ కారు ప్రయాణం, ఆమెను మెట్లెక్కించడం, దించడం, నా మోకాళ్లు, అన్నీ కళ్లముందు మెదిలాయి. పెద్దమ్మ మాత్రం మంచం మీద లేచి కూర్చుంది.

"పోదాం పాపా. ఈసారి నా పాట పాడతా. సచ్చేలోగా ఒక్కసారి నలుగురి ముందర నా గొంతుతో పాడాల. అంతే, ఇంకేమీ అడగను నిన్ను."

అరవై దాటినదాన్ని ఇంకా పాపా అంటుందామె. కాదనలేకపోయాను. సంఘం ఆయనకు ఫోన్ చేసి, ఆమె మొదటి సినిమాలో తను పాడిన పాటే పాడుతుందని విడమరిచి చెప్పాను. "అట్లే కానీండి మేడం" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మజ్జిగ మానేసింది. మిరియాల కషాయం పెట్టివ్వమని నా ప్రాణం తీసింది. తెల్లవారగానే తొడ మీద తాళం వేసుకుంటూ సాధన. నిజం చెప్పాలంటే ఆ పాటంటే నాకు విసుగొచ్చింది. వినీ వినీ గిన్నెలు తోముతూ నేనే కూనిరాగం తీసేదాన్ని.

చిత్తూరు కల్యాణమండపంలో శాలువా కప్పారు, గంధపు మాల వేశారు, పళ్లెంలో యాపిల్ పళ్లు పెట్టి ఇచ్చారు. ఆమె చేతికి మైకు ఇచ్చారు. అంతలోనే స్పీకర్లలోంచి పాట మొదలైంది. ఆ మూడో సినిమా పాటే. జనం ఈలలు వేసి, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీయసాగారు. ఆమెను పెదాలు ఆడించమని యాంకరు సైగ చేశాడు.

పెద్దమ్మ ఆడించలేదు. మైకు కిందికి దించి, నోరు గట్టిగా మూసుకుని, పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. నేను వెనక నిలబడి ఆమె నడుము పట్టుకున్నాను. పాట అయ్యాక మైకు పైకెత్తి, "అది నా గొంతు కాదు. ఇదీ నా గొంతు" అని పల్లవి ఎత్తుకుంది. సగం పల్లవి కాకముందే యాంకరు వచ్చి మైకు మెల్లగా లాక్కున్నాడు.

"వయసు పైబడి అమ్మ తన పాటనే మరిచిపోయారు. అయినా మనందరి కోసం వచ్చారు. చప్పట్లు!"

జనం లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆమె జీవితంలో అంత పెద్ద చప్పట్లు ఎప్పుడైనా పడ్డాయో లేదో నాకు తెలీదు.

మర్నాటికి ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఇక ఫోన్లే ఫోన్లు. మతిమరుపంట గదా అని ఒకరు, నరాల డాక్టరుకు చూపించమని ఇంకొకరు. ఒకాయనతో, ఆమెకు మతి నీకంటే బాగా ఉందని అరిచేశాను. పెద్దమ్మ చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

"ఎందుకు అరస్తావు? మరుపొచ్చిందనే సెప్పు. మతి ఉండాదంటే మళ్లా పిలస్తారు, మళ్లా ఆ పాటే ఏస్తారు."

అలాగే చెప్పాను. తనూ ఆ వేషం కట్టేసింది. ఎవరైనా వస్తే గోడకేసి చూస్తుంది. అన్నం తిన్నారా అని అడిగిన మాటే మళ్లీ మళ్లీ అడుగుతుంది. వాళ్లు జాలిపడి తొందరగా వెళ్లిపోతారు. గేటు వేసి వచ్చేసరికి ఇంత కాఫీ ఇవ్వమంటుంది. వచ్చేవాళ్లు తగ్గిపోయారు. నాకు సుఖంగానే ఉంది, ఎందుకు దాచాలి.

మొన్న చిత్తూరు దగ్గరి ఐరాల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రైతు. చేతిసంచిలో బెల్లం దిమ్మలు తెచ్చాడు. గుమ్మంలోనే చెప్పాను, ఆమెకు ఏమీ గుర్తు లేదని.

"తెలుసుమ్మా. అందుకే వచ్చినాను" అన్నాడు. "ఆ వీడియోలో ఆయమ్మ సగం పల్లవి పాడింది సూడు, అది మా అమ్మ పాడతాండె. టెంట్ సినిమాలో సూసి నేర్చుకునిందంట. మిగతాది నాకు వస్తాది. ఆయమ్మకు గుర్తు సేసి పోదామని."

లోపలికి రమ్మన్నాను. పెద్దమ్మ అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగింది. ఆయన చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, బొంగురు గొంతుతో పాట అందుకున్నాడు. శ్రుతి లేదు. చరణంలో రెండు చోట్ల మాటలు తారుమారయ్యాయి. కానీ పాటంతా పాడాడు. సాంతం నాకొచ్చిన పాటే. ఆమె కాక, నేను కాక, ఆ పాట ఇంకొక మనిషికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దమ్మ గోడ మీంచి చూపు తిప్పి ఆయన్ను చూసింది. నేను ఆమెనే చూస్తున్నాను, వేషం తీసేస్తుందేమోనని. తీయలేదు.

"బాగుండాదప్పా. ఎవురు పాడినారు ఈ పాట?" అని అడిగింది.

"మీరేనమ్మా. సినిమాలో ఆడింది మీరే, పాడింది మీరే. మా అమ్మ ఎప్పుడూ సెప్తాండె, ఆయమ్మ సొంత గొంతురా అని."

ఆమె చెవి కాస్త ముందుకు పెట్టింది.

"ఎవురిదన్నావు?"

ఆయన ఓపికగా మళ్లీ చెప్పాడు.