చిన్నాయన గిటారులో ఆరో తీగ

మా చిన్నాయన పోయాడని హిందూపురంలో నాకు చెప్పింది మైక్‌సెట్టు అంగడి ఆయన. పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పెనుకొండలో పెళ్లి కచ్చేరి ముగించుకుని, ధర్మవరం బండి కోసం స్టేషన్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. "గిటారు ఒళ్లోనే ఉన్నింది సార్. కింద పడనీలేదు," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పాడు గానీ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఈ మూడూళ్లలో ఏదో ఒక పెళ్లికి వెళ్లినవారైతే మీరూ ఆయన వాయించగా వినే ఉంటారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. మా నాయనకు ఆయన కడగొట్టు తమ్ముడు. చీరలు అమ్మడానికి బెంగళూరు పోయి, కంటోన్మెంటులో ఒక హోటల్ బయట నిలబడి రాక్ పాటలు విన్నాడు. భుజాన చీరల మూట ఉన్న సంగతే మరిచిపోయాడు. తర్వాత కొన్నాళ్లకు, దేశం విడిచి పోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర పాత కరెంటు గిటారు కొని తెచ్చాడు. మా నాయన చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. మగ్గం మీద ఆడాల్సిన చేతికి ఇదేం రోగమని అవ్వతో అనేవాడు.

గిటారుకైతే ప్రత్యేకంగా ఒక స్పీకరు పెట్టె ఉండాలట. అది మా వైపు యాడ దొరుకుతుంది? మైక్‌సెట్టాయనను బతిమాలి, పెళ్లిళ్లకు చెట్టుకు కట్టే హారనుకే తగిలించాడు. పెనుకొండలో మొదటిసారి వాయించిన రోజు కట్టేసిన ఎనుములు తాళ్లు తెంపుకున్నాయి. తాళి కట్టేదాకా ఆపమని పురోహితుడు చేతులెత్తి దండం పెట్టాడు. రేకుల మీద రాళ్లవాన పడినట్టుందని పెద్దలు నవ్వారు. మరుసటి ఏడు తమ పిల్లల పెళ్లిళ్లకు ఆ రాళ్లవానే కావాలని వాళ్లే వచ్చి తాంబూలం ఇచ్చిపోయారు.

ఆ నాదం మరెవ్వరికీ రాలేదు. దానికొక కారణముంది. గిటారు తీగ తెగితే బెంగళూరు పోవాలి. అందుకని చిన్నాయన తీగలను అందరూ బిగించినంత బిగించేవాడు కాదు. మగ్గం మీది పడుగు పోగుల బిగువు ఎరిగిన చెయ్యి కాబట్టి, తెగకుండా పలికేది ఎక్కడో దానికి తెలుసు. ఆ వదులులోంచే గుర్రుమనే ఆ గొంతు పుట్టింది. "బిగువెక్కువైతే పోగైనా తెగుతాది, మనిషైనా తెగుతాడు," అనేవాడు. రోజూ తెల్లవారి మా చిన్నమ్మ రాట్నం మీద పట్టుదారం కండెలు చుడుతుంటే, పక్కన కూర్చుని తీగలు సరిచేసుకునేవాడు. ఆ శ్రుతి మాత్రం ఎవరికీ నేర్పలేదు. ముందు చేతులు రానీ, చెవి దానంతటదే వస్తుందనేవాడు.

నేర్చుకోవడానికి పెనుకొండ నుంచి ఒక టైలరు వచ్చేవాడు. వాయిస్తూ తప్పు వస్తుందేమోనని చెయ్యి ముడుచుకుంటే చిన్నాయనకు కోపం వచ్చేది. "తప్పు వాయించినా గట్టిగా వాయించప్పా. మెల్లగా వాయిస్తే అది తప్పు కాకుండా పోతాదా?" అనేవాడు. మేళగాళ్లు ఆయన పలుకులు సన్నాయిలోకి దొంగిలించారు. హిందూపురం బళ్లో నేను పాఠం చెప్పే పిల్లలు బెంచీల మీద దరువు వేస్తే అది ఎవరిదో నాకు తెలిసేది. బెత్తం తీసేవాణ్ని గానీ కొట్ట బుద్ధయ్యేది కాదు.

అప్పగింతలయ్యాక ఆయన చివరగా వాయించే మాటల్లేని పాట ఒకటుంది. సొంతంగా కట్టింది. పదకొండో దినం ఆయన పటం ముందు అది వాయించాలని టైలరు, మైక్‌సెట్టాయన, నేను అనుకున్నాం. అంతకంటే మేం చేయగలిగింది ఏముంది? ముందురోజు ధర్మవరంలో గోడ మీది గిటారు దించాం. తీగలన్నీ వేలాడుతున్నాయి.

"చావింట్లో పడుగు బిగువు మీద ఉండగూడదు కదప్పా," అంది చిన్నమ్మ. "మగ్గం వదులు చేసినాను. అట్లే దీన్నీ చేసినాను."

ఆమెను ఏమంటాం? మా ఇంటి ఆచారం అది. భర్త మీది ప్రేమ కొద్దీ చేసిన పని. ఆయన పెట్టిన శ్రుతి పోయిందని, అప్పటిదాకా ఏడవని టైలరు తీగలు బిగించే బిరడాలు పట్టుకుని ఏడ్చాడు. ఆయన వాయిస్తుంటే ఒక్కసారైనా టేపు పట్టలేదే అని మైక్‌సెట్టాయన నెత్తి కొట్టుకున్నాడు. అందరూ బిగించేటట్టు బిగిస్తే గిటారు శుభ్రంగా పలికింది, ఎవరో పరాయివాళ్లది పలికినట్టు. వదిలితే బొంగురు పోయింది. మారు తీగ లేదు కాబట్టి బిరడా తిప్పిన ప్రతిసారీ తెగుతుందేమోనని భయమే. మనిషిని ఎట్లాగూ పోగొట్టుకున్నాం, ఆ గొంతు కూడా మా కళ్ల ముందే పోతోంది.

రాట్నం మూల నుంచి చిన్నమ్మ అంది, "అది కాదు. ఇంకా కిందికి."

జన్మలో జోలపాటైనా పాడగా మేం వినని మనిషి నోరు మూసుకునే సన్నగా కూనిరాగం తీసింది. టైలరు బిరడా తిప్పాడు. తీగ ఆమె గొంతును కలిసింది. ఆ నాదం చిన్నాయనదే. అట్లా ఒక్కొక్కటిగా ఐదు తీగలు దొరికాయి. ఇక మిగిలింది అన్నిటికంటే లావుది, ఆరోది. ఆమె నోరు తెరిచి మళ్లీ మూసింది.

"దాని కాడికి నా గొంతు దిగదు నాయనా," అంది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఈడ ఉండాది. బయటికి రాదు."

టైలరు తిప్పుతూ ఆమె ముఖం చూశాడు. కాదని తల ఊపింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఊపింది. పొద్దు వాలేదాకా అంతే. చివరికి, ఇంక నన్ను అడగొద్దండప్పా అని చేతులు జోడించి లోపలికి పోయింది.

మరునాడు పటం ముందు టైలరు ఐదు తీగలతోనే వాయించాడు. గట్టిగానే వాయించాడు. మా నాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పాట మెట్లు దిగినట్టు దిగి దిగి, చివరికి ఆరో తీగ మీద ఒక్క మోతతో ఆగుతుంది. అక్కడికి వచ్చేసరికి టైలరు చెయ్యి గాల్లో నిలిచిపోయింది. చిన్నమ్మ కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. చాలాసేపు అట్లాగే ఉండి, తర్వాత చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు అయిపాయ," అంది. "లేయండి, అన్నాలు తిందురు."

నేను ధర్మవరం పోయినప్పుడల్లా, మళ్లీ గోడకెక్కిన ఆ గిటారు కింద కూర్చుంటాను. దాన్ని ఎవరూ ముట్టరు. ఐదు తీగలు బిగువు మీద ఉన్నాయి, లావు తీగ ఒక్కటే జారిపోయి ఉంది. పక్కింట్లో మగ్గం ఆడినప్పుడల్లా గోడ అదిరి, ఆ తీగ చెక్కకు తగిలి సన్నగా చిటచిటమంటుంది. చిన్నమ్మ రాట్నం ఆపి వింటుంది. కాదని తల ఊపి, మళ్లీ తిప్పుకుంటుంది.