బొగ్గుముక్కతో అత్త చెప్పిన మాట

మొన్న మైదుకూరులో కొత్తగా కట్టుకున్న ఇంటికి దారి చెప్పమంటే మా మనవరాలు ఫోనులోకి ఏదో గుర్తు పంపి, దాని వెంట వచ్చేయమంది. కాగితం మీద నాలుగు గీతలు గీసివ్వవే అంటే పకపకా నవ్వింది. నవ్వుకోనీ. మన ఈడువాళ్లకు ఆ నాలుగు గీతల విలువ తెలుసు, మా ఇంట్లో అయితే ఒక ప్రాణమే వాటి మీద నిలబడింది.

కోయిలకుంట్ల దగ్గర పల్లె మాది. మా మేనత్తకు పుట్టుచెవుడు, మాట రాలేదు. ఆకలైనా, అలిగినా, సంతకు పోయే నాయన ఏం తేవాలన్నా, అరుగు బండల మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించేది. ఆ మసి కడగలేక అమ్మ విసుక్కునేది, నాయన సగం చూసి సరే సరేనంటూ వెళ్లిపోయేవాడు, ఓపిగ్గా కూర్చుని చివరిదాకా చూసేది మా అవ్వ ఒక్కతే.

నా పదేళ్లప్పుడు, ఎండాకాలం మధ్యాహ్నం, అత్త గొంతు చించుకుని అరిచిన అరుపుకు అందరం బయటికి పరుగెత్తాం. చూస్తే నాలుగేళ్ల తమ్ముడు లేడు. కాలు విరిగి కట్టుతో అరుగు మీదే ఉన్న అత్త, ఊరి బయటి దారి వైపు చేయి చూపి, గబగబా ఒక బొమ్మ గీసింది. ఇరుకు మెడ, కింద పెద్ద పొట్ట.

"కడవప్పా అది! బాయికాడికి పోయినాడు!" అంటూ నాయన పరుగు తీశాడు, వెనకే అమ్మ, ఆ వెనక వీధంతా. అత్త మాత్రం కాదు కాదని బండను అరచేత్తో బాదుతూనే ఉంది. నేను అత్త పక్కనే ఆగిపోయాను.

మిగిలింది అవ్వా నేనూ. అత్త బొమ్మ మెడకు అడ్డంగా ఒక గీత లాగి, పైన గడ్డిపోచలు, కింద పొట్టలో చేతులెత్తిన చిన్న మనిషిని గీసింది. అవ్వ వంగి చూసి గుండెలు బాదుకుంది.

"కడవ గాదే ఇది, పాతర! మీ నాయన్ను పిల్చకరా పో!"

జొన్నలు దాచుకోవడానికి భూమిలో తవ్వే గొయ్యిని మా వైపు పాతర అంటారు. పైనుంచి చూస్తే మనిషి పట్టేంత రంధ్రమే, లోపలి పొట్ట కంటికి కనిపించదు. ఆ కనిపించనిదాన్ని అత్త నేలను నిలువునా కోసినట్టు గీసి చూపించింది. బావి దారిలోనే, మా అరుగు మీదికి కనిపించే పాడుబడిన దొడ్డిలో అలాంటిదొకటి ఉంది. అందరూ దాన్ని దాటుకునే పరుగెత్తారు.

నేను వెళ్లేసరికి బావిలో ఇద్దరు మునిగి వెతుకుతున్నారు. నా కేకకు నాయన వెనక్కొచ్చి పాతరలో దూకబోతే పక్కింటి పెద్దాయన నడుము పట్టి ఆపాడు. "లోపల గాలి శానా చెడ్డదప్పా, నువ్వూ పోతావు!" లాంతరు దించితే దీపం చిక్కిపోయింది కానీ ఆరలేదు. తాడుకు వేపకొమ్మలు కట్టి పైకీ కిందికీ ఆడించి, గాలి కాస్త మారాక నాయన నడుముకు మోకు కట్టి దించారు. పైకి తెచ్చాక కూడా తమ్ముడు చాలాసేపు కళ్లు తెరవలేదు, అమ్మ ఏడవడం కూడా మరచిపోయింది. వాడు తెరిచి బావురుమన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మళ్లీ జన్మలో కలగలేదు.

ఆ తర్వాత అత్త గీసేటప్పుడు మా ఇంట్లో సగంలో లేచి వెళ్లినవాళ్లు లేరు. అయినా అవ్వకు అర్థమైనట్టు మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

అవ్వ పోయిన చాలా ఏళ్లకు అత్త కడప ఆసుపత్రిలో మంచం పట్టింది. పెన్సిల్ పట్టే సత్తువ లేకపోతే తమ్ముడు తన అరచేయి చాపాడు. ఆమె దాని మీద వేలితో ఏదో గీసింది, మళ్లీ అదే గీసింది. "ఏందో చెప్తాండాది అక్కా, నాకు తెలుస్తా లేదు" అని అంత మనిషీ పిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో అందరూ క్షణానికో ఫోటో పంపుకుంటారు, చూసీ చూడకుండా వేలితో తోసేస్తారు. ఆ రోజు అత్త మాకేం చెప్పాలనుకుందో, చూసి చెప్పే అవ్వ లేక, ఈనాటికీ తెలియలేదు.