బోరు చూసినారా?

అనంతపురంలో మా ఇల్లు అమ్మకానికి పెట్టినాక చూసిపోయేవాళ్లే గాని బేరమాడినవాళ్లు లేరు. కారణం ఎదురింటి పెద్దమ్మ. ఎవరొచ్చినా అరుగు మీద నుంచే అరిచేది: "ఏమప్పా, బోరు చూసినారా? చుక్క నీళ్లు లేవు!"

నిరుడు మేం ఇల్లు ఖాళీ చేసేదాకా ధారగా పోసిన బోరు అది. ఒళ్లు మండి ఒకరోజు నిలదీసినాను. "ఎందుకు పెద్దమ్మా ఈ అబద్ధాలు?"

"మీ నాయన బోరు ఏపిచ్చినాకనే మా బాయి ఎండిపోయింది. అప్పుడు మేం యాడ చెప్పుకోవాల?" అనింది.

ఆమె నోరు మూయించాలని, ఇల్లు చూడవచ్చిన భార్యాభర్తల ముందరే మోటరు వేసినాను. పైపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పెద్దమ్మ నవ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి వాళ్లిద్దరికీ ఇచ్చింది. నా వైపు చూడనైనా లేదు.